పెద్దత్తయ్య బొబ్బిలి తుపాకి

మా పెద్దత్తయ్యగారింట్లో అటకమీద, గోనెపట్టాలో చుట్టిన తుపాకి ఒకటి ఉండేది. అది బొబ్బిలి యుద్ధంలో పేలిందని మాకు చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే ముందు కాఫీ, ఆ తరవాత తుపాకి. "బుస్సీ దొర ఫిరంగులకి ఎదురు నిలిచిందండీ ఇది" అని అత్తయ్య చెబుతూంటే అల్లుళ్లు నోరు తెరుచుకుని వినేవారు.

మొన్న ఆ ఇల్లు అమ్ముతూ సామాన్లు దించారు. "దీన్ని మ్యూజియంలో ఇచ్చెయ్యవే. కింద 'బొబ్బిలి యుద్ధం, 1757' అని అట్ట రాసి పెట్టమను" అని అత్తయ్య ఆజ్ఞ. రాసేముందు అవునో కాదో చూడొద్దూ? నా అవస్థ అక్కడ మొదలైంది.

ఇలాంటిది మీ అటకమీదా ఉంటే రెండు మాటలు. పాత తుపాకుల్లో మందు దట్టించినది దట్టించినట్టే ఉండిపోవచ్చు. గొట్టంలోకి కడ్డీ దింపి, ఎంత దిగిందో బయటపెట్టి కొలవాలి. నాలుగు వేళ్లు తక్కువ దిగిందా, ముట్టుకోకుండా తెలిసినవాళ్లని పిలవాలి. మేం ముందు ఠాణాలో చూపించాకే ఇంట్లోకి తెచ్చాం. ఇక రెండోది: చింతపండుతో తోమకండి! ఇత్తడి చెంబు కాదది. మా వదినగారు అప్పటికే ఓ పక్క తోమేసి సగం అక్షరాలు అరగదీశారు. కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు.

తుడిచాక మీటకి పైన, కుడిపక్కన, సుత్తిలాంటి ముక్క కనిపించింది. అది వచ్చి పడేచోట చిన్న ఇనుప మొన, దాని నడుమ సూది పట్టేంత బెజ్జం. అంతే, నా గుండె జారిపోయింది. బొబ్బిలినాటి తుపాకులు వత్తితోనో, చెకుముకిరాయి నిప్పురవ్వతోనో పేలేవి. ఈ మొనమీద రాగిటోపీ తొడిగి పేలుస్తారు. దీపావళికి పిల్లలు తుపాకి బిళ్లని రాతితో కొడితే టప్‌మంటుంది చూడండి, అదే కిటుకు.

ఆ కిటుకు కనిపెట్టినవాడు ఫోర్సైత్ అనే స్కాట్లండు మతగురువు. బాతులవేటంటే ఆయనకి పిచ్చి. చెకుముకి మెరుపు చూసి పక్షులు ముందే ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బకి పేలే మందుతో పని జరిపించి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగిటోపీలు ఆ తరవాత వచ్చాయి. ఇంగ్లీషు సైన్యానికి ఈ పద్ధతి అందేసరికి 1840 ప్రాంతమైంది. బొబ్బిలి కోట కూలి అప్పటికి ఎనభై ఏళ్లు దాటిపోయింది!

మిగిలిన అక్షరాల్లో కిరీటం, దానికింద విక్టోరియా రాణి 'వీ ఆర్', సుత్తికి ముందు 'టవర్', 1859. టవర్ అని ఉంటే లండన్ కోటలో పోతపోశారని కాదు. బర్మింగ్‌హాం, లండన్ పనివాళ్లు ముక్కలు చేసిస్తే, కూర్చి, సర్కారు పరీక్ష చేసి వేసే ముద్ర అది. కంపెనీవారిదైతే కిరీటం పట్టుకున్న సింహం ఉండేది. ఖైబరు కనుమల దగ్గర నకళ్లు తయారుచేసినవాళ్లకి ఇంగ్లీషు రాదు కనక వాటిమీద అక్షరాలు ఒక్కోసారి తిరగబడి ఉంటాయి. మాది తిరగబడలేదు.

పైకి చూస్తే 1853 నమూనా ఎన్‌ఫీల్డే. అవును, 1857లో ఆవు కొవ్వు, పంది కొవ్వు అని సిపాయిలు తూటాలు నోట కొరకమన్నది ఆ తుపాకి కోసమే. కానీ ఎన్‌ఫీల్డు గొట్టం లోపల మరచుట్టు గాడులు మూడుంటాయి. గుండు బొంగరంలా తిరుగుతూ దూరంగా, సూటిగా పోతుంది. సెల్‌ఫోను దీపం వేసి చూస్తే మాదాంట్లో గాడుల్లేవు, పలకలా నున్నగా ఉంది. అరిగిపోయాయేమో అనుకుని రవికె కొలతల టేపు పెట్టాను. ఎన్‌ఫీల్డు బెజ్జం 0.577 అంగుళం. ఇది అంతకంటే వెడల్పు, 0.656కి దగ్గర.

అప్పుడర్థమైంది. తిరుగుబాటు అణిగాక దొరలు మన సిపాయిలకిమ్మని 1858లో వేరే నమూనా చేయించారు. పైకి ఎన్‌ఫీల్డే, లోపల నునుపు, దూరం సరిచూసుకునే గురిబిళ్ల కూడా ఉండదు. పక్కనే నిలబడే తెల్ల సోల్జరుకి ఆరేడువందల గజాల దూరం కొట్టేది, మనవాడికి వందగజాలు దాటితే గుండు ఎటుపోతుందో తెలియనిది. జీతమిచ్చి కొలువులో పెట్టుకుని మరీ నమ్మలేదన్నమాట! ఆ అపనమ్మకాన్ని ఇంతకాలం మేం వీరగాథనుకుని అల్లుళ్లకి చూపించాం.

అత్తయ్యకి ఎలా చెప్పను? ఎనభైఅయిదేళ్ల మనిషి. చివరికి భయపడుతూనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే పందుల సంగతే నిజమన్నమాట" అంది.

"ఏ పందులత్తయ్యా?"

"చెరుకుతోటలో పడేవి కాదుటే! తాతకి రేచీకటి. మంచె ఎక్కి కూచునేవాడు, కేకలేసేవాడు, అంతే. మందు దట్టించడం, గురిచూడ్డం, పేల్చడం అన్నీ మా మామ్మే."

"మరిన్నాళ్లూ చెప్పలేదేం?"

"అల్లుళ్లకి చెప్పుకునే మాటటే అది?" అంది కసురుతూ. కాసేపాగి, "ఆ అట్టమీద 1859 అనే రాయి. కింద మా మామ్మ పేరు కూడా రాయి" అంది.