హార్వర్డ్ పట్టీలో తండ్రి పేరు

హార్వర్డ్ అంటే దొరల పిల్లల చదువని మేమూ అనుకునేవాళ్లం. అమెరికాలోని ఆ కాలేజీకి 1650లో ఇచ్చిన అధికారపత్రం చదివాక ఆశ్చర్యపోయాం. ఇంగ్లీషు యువకులతో పాటు ఆ నేల ఆదివాసీ యువకులకు కూడా చదువు చెప్పాలని అందులో రాసి ఉంది. ఆదివాసుల పేరు చెబితే ఇంగ్లండు నుంచి విరాళాలు వస్తాయన్న లెక్క కూడా దాని వెనుక ఉంది. డబ్బు వచ్చింది. 1650ల నడుమ 'ఇండియన్ కాలేజీ' అనే ఇటుకల భవనం లేచింది. అందులో చదివిన మనలాంటి పిల్లలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

వారిలో ఇద్దరు మార్తాస్ వైన్‌యార్డ్ అనే దీవికి చెందిన వాంపనోగ్ తెగ పిల్లలు, కేలబ్ చీషాటియామక్, జోయెల్ ఐయాకూమ్స్. లాటిన్ రానివాడికి హార్వర్డ్‌లో చోటు లేదు. అందుకే వాళ్లను ముందు లాటిన్ చెప్పే గ్రామర్ స్కూళ్లకు పంపారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంగ్లీషు, ఆపైన లాటిన్. కోయ మాట్లాడే ఇంటి నుంచి తెలుగు బడికొచ్చి, ఆ తర్వాత ఇంగ్లీషు మీడియంలో పడ్డ మన పిల్లలకు ఈ బరువు ఎంతో వివరించి చెప్పక్కర్లేదు. అయినా ఇద్దరూ చదువు పూర్తిచేశారు. పట్టా పుచ్చుకునే ముందు దీవికి వెళ్లి తిరిగొస్తుండగా ఓడ పగిలి జోయెల్ చనిపోయాడు. 1665లో కేలబ్ ఒక్కడే పట్టా అందుకున్నాడు. మరుసటి ఏడే క్షయ అతన్ని తీసుకుపోయింది. భవనాన్ని 1698లో కూల్చేశారు. జోయెల్ పట్టా 2011లో ఇచ్చారు!

ఆ రోజుల్లో హార్వర్డ్ పట్టీలో పిల్లల పేర్లు అక్షరక్రమంలో ఉండేవి కావు. తండ్రి హోదాను బట్టి ఎవరు ముందో, ఎవరు వెనకో నిర్ణయించేవారు. 1770ల మొదటి వరకూ ఇదే పద్ధతి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రవేశ పరీక్ష ఉండేది. గ్రోటన్ వంటి ఖరీదైన హాస్టలు బడుల పిల్లలు దానికి సిద్ధమై వచ్చేవారు. కానీ మామూలు ప్రభుత్వ బడుల్లో చదివిన యూదు పిల్లలు కూడా అదే పరీక్ష రాసి నెగ్గడం మొదలైంది. 1922 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా వాళ్లే. అధ్యక్షుడు లోవెల్‌కు అది నచ్చలేదు. వాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టాలన్నాడు. అధ్యాపకులు బాహాటంగా ఒప్పుకోకపోయేసరికి వేరే దారి తొక్కారు. దరఖాస్తులో తండ్రి ఎక్కడ పుట్టాడు, ఇంటిపేరు ఎప్పుడైనా మార్చుకున్నారా అని అడిగారు. ఫొటో కావాలన్నారు. మార్కులు చాలవు, 'వ్యక్తిత్వం' చూడాలన్నారు. పూర్వ విద్యార్థుల కొడుకులకు మొగ్గు చూపడం కూడా ఆ కాలంలోనే పెద్ద కాలేజీల్లో పాతుకుపోయింది. మార్కుల్లో ఓడిపోతున్నప్పుడే పెద్దలకు వ్యక్తిత్వం గుర్తొచ్చిందని మా అభిప్రాయం.

ఆ మొగ్గు నేటికీ పోలేదు. కోర్టు కేసులో బయటపడ్డ లెక్కల ప్రకారం, హార్వర్డ్‌లో చదివినవారి పిల్లలు దరఖాస్తు చేస్తే దాదాపు మూడింట ఒకరికి సీటు దొరికింది. మొత్తం మీద చూస్తే నూటికి ఆరుగురికే. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. తండ్రి కాలేజీని చూడటాన్ని మాత్రం ముట్టుకోలేదు. అందరూ ఇలాగే ఉన్నారని కాదు. ఎంఐటీ ఈ చుట్టరికం చూడదు. జాన్స్ హాప్‌కిన్స్ 2014లో మానేసింది.

బడి సంగతి ఇంకోటి. అక్కడ దరఖాస్తుతో పాటు బడి నుంచి సిఫారసు ఉత్తరం వెళ్లాలి. ఖరీదైన బడిలో ఆ పని చేసే కౌన్సెలర్‌కు ప్రతి పిల్లవాడూ తెలుసు. ప్రభుత్వ బడిలో ఒక్కరే వందల మందికి రాయాలి.

మన ఐఐటీల్లో చుట్టరికం లేదు, పరీక్ష ఒక్కటే. ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. అయితే పరీక్షకు ముందు ఏళ్ల తరబడి కోచింగ్ ఉంటుంది. మేము పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలలో ఏడాదంతా ఫిజికల్ సైన్స్ సారే లేడు.

కేలబ్ కథ, ఉత్తరాల సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, మాకైతే ఆ ఉత్తరం ఎవరు రాస్తారు?" అని అడిగింది. మేమే రాస్తామన్నాం. అలాంటి ఉత్తరం ఎలా రాయాలో మా డి.ఎడ్.లో ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నాం.