పొన్న నీడన నూరువరహాలు

పెన్న సాగరమున గలియు ముఖమునుండి మైపాడు, కృష్ణపట్నము, దుగరాజపట్నముల మీదుగా పులికాటు సరస్సు వరకు వ్యాపించిన నెల్లూరుసీమ తీరమున ఇల్లు కట్టుకొని, వాకిట నాలుగు రంగుల పూలు చూచుకొనవలెనని ఆశపడు గృహస్థు మొట్టమొదట లెక్కకు తీసికొనవలసినది గాలిని. వేసవి మధ్యాహ్నములందు సముద్రము మీదినుండి వీచు ఆ గాలి ఉప్పుతుంపరలను మోసికొని వచ్చి లేతచిగుళ్ల అంచులను మాడ్చివేయును. ఏటి వర్షములో సగమునకు మించిన భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల మూడు నెలలలోనే కురియుటచే, మొక్క సంవత్సరములో అధికభాగము దాహముతోడను, మిగిలిన కొలదికాలము వేళ్లు కుళ్లునంతటి తడితోడను గడుపవలసి యుండును. ఆ తడిసి మెత్తనైన నేలమీదనే తుపానులు వచ్చి పడును. 1927 నవంబరులో నెల్లూరు ప్రాంతమును, 1984 నవంబరులో శ్రీహరికోట చేరువ తీరమును తాకిన పెనుతుపానులు ఈ సీమ చరిత్రలో నిలిచిపోయినవి. అందుచేత ఇచట పూలతోట యనగా వృక్షమునకును పొదకును నడుమ కుదిరిన యొక ఒడంబడిక: వృక్షము గాలిని కాచుకొనును, దాని మరుగున పొద రంగు చూపును.

ఈ ఒడంబడికకు ప్రాచీనశాస్త్రమున ఆధారము కలదు. క్రీస్తుశకము 6వ శతాబ్దమున అవంతీదేశమున వెలసిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించి, తోటలలోగాని ఇండ్లలోగాని మొదట నాటదగిన మంగళకరములుగా అరిష్టము, అశోకము, పున్నాగము, శిరీషము, ప్రియంగువు అను ఐదింటిని పేర్కొనెను. అరిష్టము వేపయని కొందరును కుంకుడని కొందరును చెప్పుదురు. శిరీషము మన దిరిసెన. పున్నాగము మన పొన్న. సముద్రమునకు బహుదూరమున నుండి గ్రంథరచన చేసిన పండితుడు, ఇసుకతీరములందు స్వేచ్ఛగా పెరుగు పొన్నను గృహోద్యానమున అగ్రస్థానమున నిలుపుట ఈ తీరవాసులకు ఆనందము గొలుపు విషయము. మానునకును మానునకును నడుమ 20 హస్తముల ఎడమున్న ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనిష్ఠమనియు ఆయన నిర్ణయించెను. హస్తము ఒకటిన్నర అడుగు చొప్పున ఇవి 30, 24, 18 అడుగులగును. ఒకదానినొకటి తాకుచు, వేళ్లు కలిసిపోయి పీడింపబడిన చెట్లు సరిగా ఫలింపవని ఆయన కారణము కూడ చెప్పెను. ఇంత ఎడము పాటించిన తోటలో చెట్లనడుమ జారు వెలుగునీడలే పొదలకు తగిన తావులు. పెద్దచెట్లను కిక్కిరియ నాటినవానికి పొదల రంగు దక్కదు.

అయినను ఈ తీరమునకు సరిపడు తోటకు మాతృకను గ్రంథములలో వెదకుటకంటె శ్రీహరికోట దీవిలో వెదకుట మేలని నా దృఢవిశ్వాసము. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినను తరతరములుగా నెల్లూరుసీమదే యైన ఈ దీవి, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ నిడుపుగా పరచుకొన్న ఇసుకనేల. దానిపై పెరిగిన అడవిని శాస్త్రజ్ఞులు ఉష్ణమండల శుష్క సతతహరితారణ్యమందురు. సంవత్సరములో అధికభాగము వాన యెరుగని ఇసుకమీద ఆకురాల్చని వృక్షజాతి నిలిచి యుండుట వింతగా తోచునుగాని, ఆ ఆకుల దళసరితనమును, వానిపైని నిగనిగలాడు పొరను చూచినచో తేమను అవి ఎంత పొదుపుగా వాడుకొనునో బోధపడును. పైవరుసలో పాలచెట్టు, నేరేడు. వాని క్రింద అల్లి, కొరివిపాల. అడవి అంచున ముండ్లతో పెనవేసికొన్న కలివిపొదలు. అల్లి పూచినప్పుడు ఆకుల చివరల గాక కొమ్మల పొడవునను చిన్న చిన్న నీలిపూల గుత్తులు క్రిక్కిరిసి, కఱ్ఱయే పుష్పించినదా యన్న భ్రమ కలుగును. పూలరంగులలో అరుదైన ఈ నీలము మన అడవియందే యుండగా, ఏ ఇంటి ముంగిటను అల్లిని నాటుకొన్నవారు కానరాకపోవుట నాకు చాల బాధ కలిగించును. కొరివిపాల మన పెరళ్లలోని నూరువరహాలకు దాయాది. తెల్లని పూగుత్తులకు సువాసన కలదు, దాని కొమ్మలు పూర్వము కాగడాలుగా ఉపయోగపడెడివి. ఈ చెట్లను, పొదలను పండ్లకును, దుంపలకును, మందులకును చక్కగా ఎరిగినవారు దీవిలోని యానాదులు.

ఆ అడవికి వచ్చిన కష్టము నీటిదారిని వచ్చినది. 1806లో మద్రాసు వద్ద ఆరంభమై, ఉత్తరముగా పొడిగింపబడి, 1878లో నాటి గవర్నరు పేర బకింగుహాము కాలువగా ప్రసిద్ధిచెందిన జలమార్గమున, శ్రీహరికోట వంటచెరకు పడవలమీద మద్రాసు పొయ్యిలకు తరలిపోయెను. కొట్టివేసిన తావులందును తీరపు ఇసుకమేటలందును 19వ శతాబ్ది ద్వితీయార్ధము నుండి సరుగుడు తోపులు విస్తరించినవి. గాలిని అడ్డుటలో సరుగుడు సమర్థమైనదే. కాని అది రాల్చు సన్నని పుల్లల పరపు క్రింద పొదలు బ్రదుకుట కష్టము, రంగునకు అచట తావు లేదు. 1971 అక్టోబరు 9న ఈ దీవినుండి రోహిణి-125 రాకెట్టు ఎగిరిన నాటినుండి ఇచటి అంతరిక్ష కేంద్రపు కాపుదలలో నున్నందున మాత్రమే పాత అడవి కొంతయైనను దక్కినది.

రంగులతో ఈ తీరమునకు గల సంబంధము పూలతో ఆగదు. ఇసుకనేలలలో త్రవ్వితీసిన చిరివేరు అద్దకపు బట్టలకు చెరగని యెరుపు నిచ్చెను. అట్టి బట్టలకై ఇంగ్లీషు కంపెనీవారు 1626 ప్రాంతమున దుగరాజపట్నమున కొట్టు పెట్టిరి. అచటి వర్తకుడు ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలమును సంపాదించిన పిమ్మట ఈ రేవు వెలవెలబోయెను. మద్రాసు పెరిగిన కొలదియు తోటలును అచటనే వెలసినవి. 18వ శతాబ్ది చివర జేమ్స్ ఆండర్సను అను వైద్యుడు ఎఱ్ఱరంగు నిచ్చు పురుగును పెంచుటకై సైదాపేటలో నాగజెముడు జాతుల తోట వేసెను. ఆ కాలముననే సామర్లకోటలో నివసించి మొక్కలను పెంచిన విలియం రాక్స్‌బర్గు, స్థానిక చిత్రకారులచే బొమ్మలు వ్రాయించి, 1795 మొదలు మూడు సంపుటములుగా 300 చిత్రపటములతో వెలువడిన కోరమండల తీరవృక్షముల గ్రంథమున తెలుగు పేర్లను భద్రపరచెను. 1835లో మద్రాసున వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించుటతో విదేశపు పూలమొక్కలు జిల్లాలకు ప్రాకుటకు మార్గమేర్పడెను.

అట్లు వచ్చినవానిలో రెండు మన కన్నులను పూర్తిగా లోగొన్నవి. 1767లో ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ నౌకాయాత్రలో వెంట వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు కొమర్సన్ బ్రెజిలు దేశపు రియో చెంత గుర్తించిన తీగ నేటి మన కాగితపుపూల చెట్టు. 1820 తరువాతి దశాబ్దమున వృక్షశాస్త్రజ్ఞుడు వెన్సెస్లాస్ బోయర్ మడగాస్కరులో చూచి శాస్త్రలోకమునకు తెలిపినది తురాయి. కాగితపుపూలు ఈ ఎండకును, చవిటినేలకును, నీటిలేమికిని ఓర్చుకొని ఇచటి బిడ్డలే యైనవి. తురాయి విషయము వేరు. వైశాఖమున అది చూపు ఎఱ్ఱని వైభవమునకు నేనును ముగ్ధుడనే. కాని దాని కొమ్మ పెళుసు, వేళ్లు నేలకు పైపైన ప్రాకి ప్రహరీని ఎత్తివేయును, తుపానుగాలిలో ముందుగా కూలువానిలో అదియు నొకటి. అట్టిదానిని సముద్రమునకు అభిముఖముగా ఇంటి తూర్పు గుమ్మమున ఒంటరిగా నిలుపుట ఆ చెట్టునకు చేయు అన్యాయము. పడమటి వైపున, ఇంటికి 30 అడుగుల ఎడముగా, ఇతర వృక్షముల చాటున దాని స్థానము.

తూర్పున నిలువదగినవి పొన్నయు గంగరావియు. పొన్న మెల్లగా పెరుగును, బలముగా నిలుచును. ముదురుపచ్చని ఆకులమీద పసుపు కేసరములతో తెల్లని పరిమళపు పూలు పూచును. గింజల నూనె దీపములకు వాడెడివారు. గంగరావి పూవు ప్రొద్దుట లేతపసుపున, లోపల ఎఱ్ఱని మచ్చతో విచ్చి, సాయంకాలమునకు ఊదారంగు కలసిన ఎరుపుగా మారును. అందుచే ఒకే కొమ్మపై నేటి పూవును నిన్నటి పూవును రెండు వర్ణములతో కనిపించును. ఉప్పుగాలిని లెక్కచేయని ఇంత చక్కని చెట్టును బండికఱ్ఱకు, పడవకఱ్ఱకు నరకుట యేగాని పూలకై పెంచుట మన వారికి అలవడలేదు. ఈ రెండింటి మరుగున పొగడ, దేవగన్నేరు, రేల రెండవవరుసగా చక్కగా ఒదుగును.

చోటు ఎక్కడ నున్నదని అడుగువారు కలరు. నెల్లూరులో ఇంటిస్థలమును అంకణములలో కొలుచుట వాడుక. అంకణము 72 చదరపు అడుగులు. 30 అంకణముల స్థలమున, అనగా ఇంచుమించు అయిదు సెంట్లలో, ఇల్లు పోగా పెద్దచెట్టు ఒక్కటి పట్టుటయే గగనము. అట్టివారు వృక్షమును వీధికి విడిచి, పొదలను ఇంట నుంచుకొనుట ఉచితము. ఒక వీధివారందరు కలసి తూర్పు కొసన, చెరువుగట్టున, గుడి ఆవరణమున పొన్న, గంగరావి, పొగడలను నాటుకొన్నచో ఆ కాపు అందరి యిండ్లకును చెందును. ఇంట గోడవెంబడి గన్నేరు, పచ్చగన్నేరు: వీనిని మేకలు ముట్టవు. వాని విషగుణము వలన పసిపిల్లలున్న ఇండ్లలో మాత్రము వలదు. వాని ముందు మందారము, నూరువరహాలు. నీడ ఎక్కువైన మూలను నందివర్ధనము. నడవ ప్రక్కన కనకాంబరము. ఎఱ్ఱనివాని నడుమ తెలుపు లేనిచో ఆ యెరుపు కంటికి శ్రమయగునని మరువరాదు. కంచెకై సర్కారుతుమ్మను మాత్రము చేరనీయకుడు: 1878లో కడప జిల్లా కమలాపురమున విత్తనములు చల్లి పెంచిన ఆ విదేశపు ముల్లుచెట్టు నేడు పొలమునకును గట్టునకును భేదము లేక ఆక్రమించినది.

ఋతుక్రమమును చూచినచో చైత్రవైశాఖములలో రేల పసుపు, తురాయి ఎరుపు. వానలు పట్టినపిమ్మట పారిజాతము. కాగితపుపూలు నీరు తగ్గించినకొలదియు విరివిగా. మందారము, నూరువరహాలు ఇంచుమించు ఏడాది పొడవునను. నాటుటకు అక్టోబరు తొలివానలు అదను. ఇసుకగోతిలో చెరువుమన్నును పశువుల ఎరువును కలిపి నింపి, మొక్కకు ఊతకఱ్ఱ కట్టవలెను. పొన్నగింజను గుల్లతోనే పాతినచో మొలకకు నెలలు పట్టును. గుల్ల పగులగొట్టి పప్పును పాతినచో కొలది వారములలో మొలచును. గంగరావిని కొమ్మ నాటియైనను పెంచవచ్చును. పొన్న పూచుటకు ఏండ్లు పట్టును; ఆ లోపల ఉప్పుగాలిని ఆపుటకు తాటాకు తడిక కట్టి, దాని చాటున ఈ యేటినుండియే నూరువరహాలు పెంచుకొనవచ్చును.