కొండ ఉసిరి, కడలి ఉప్పు

ఉప్పు బస్తాల మీద కూర్చుని మొదటిసారి అరకు సంతకు వెళ్లాను. సంక్రాంతి సెలవులు. మా తాతయ్యకు శృంగవరపుకోటలో చిన్న కొట్టు ఉండేది. శుక్రవారం వచ్చిందంటే కోడి కూయకముందే ఉప్పు, ఎండుచేపలు, బెల్లం లారీకెత్తించి ఘాటీ ఎక్కేవాడు. ఆ ఏడు నన్నూ ఎక్కించుకున్నాడు. అనంతగిరి దాటేసరికి చలి గోనెపట్టాలోంచి కూడా దూరి వచ్చింది. లోయలోకి దిగుతుంటే లారీ దీపాల వెలుగులో మనుషులు కనిపించారు. భుజాన కావళ్లు, నెత్తిన గంపలు, ఒకరి వెనక ఒకరు.

"వీళ్లంతా ఎక్కడికి తాతయ్యా?"

"మనం ఎక్కడికో వాళ్లూ అక్కడికే బావూ. వాళ్లు నిన్న బయల్దేరారు, మనం ఇవాళ."

మంచు విడేసరికి సంత నిండిపోయింది. ఎర్రమట్టి ఇంకా తడారని అల్లం, పసుపు కొమ్ములు, చోళ్లు, సామలు, వలిసెలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, కాళ్లు కట్టిపడేసిన నాటుకోళ్లు ఒక వైపు. కిందినుంచి వచ్చిన మాబోటి వాళ్ల దుకాణాలు ఇంకో వైపు. ఉప్పు, ఎండుచేపలు, సిల్వరు గిన్నెలు, చీరలు, గాజులు, పూసల దండలు, జీళ్లు. మధ్యలో కొండకమ్మరులు కత్తులు, గొడ్డళ్లు పరిచి కూర్చున్నారు. పచ్చి అల్లం వాసన, ఎండుచేప వాసన కలిస్తే ఏమవుతుందో తెలుసా? నాకది ఇప్పటికీ పండగ వాసనే.

మా దుకాణం ముందు ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. ముక్కుకు మూడు పోగులు. ఒడిలోని మూట విప్పితే ఉసిరికాయలు. మా తాతయ్య వాటిని అడ్డతో కొలిచి పోసుకున్నాడు. సోల తీసి ఉప్పులో ముంచి, అరచేత్తో తల కొట్టి, ఆమె గుడ్డలో పోశాడు. ఆమె లేవలేదు.

"కొసరు," అంది.

తాతయ్య గుప్పెడు వేశాడు. ఆమె ఆ గుప్పెడు వైపు చూసి, నా వైపు చూసింది.

"బాబు చేత ఎయ్యించు సావుకారూ."

"ఏసినాను కదప్పా!" అంటూనే తాతయ్య నవ్వి, నన్ను ముందుకు తోశాడు. నేను రెండు దోసిళ్లు పోశాను. ఆమె తృప్తిగా మూట కట్టుకుని, తాతయ్య రాశిలోంచే ఒక పెద్ద ఉసిరికాయ ఏరి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తాతయ్య దాన్ని ఉప్పురాళ్లలో అద్ది ఇచ్చాడు. "కొండ ఉసిరికాయకీ సముద్రపు ఉప్పుకీ పొత్తు అంటారే, ఆ సామెత ఇదే. కొరుకు."

ఆ పొత్తు వెనక ఎంత చరిత్ర ఉందో పెద్దయ్యాక తెలిసింది.

కొండ అన్నీ ఇస్తుంది, ఉప్పు తప్ప. నౌపడ, బాలచెరువు లాంటి కోస్తా ఉప్పుమళ్లలో పండిన ఉప్పు తూర్పు కనుమలు ఎక్కాల్సిందే. బండి బాటలు లేని కాలంలో లంబాడీలు పెరికె ఎడ్ల మీద ఉప్పు ఎక్కించి, తిరుగుదారిలో ధాన్యం దించేవారు. 1805లో కుంపెనీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తకిందికి తెచ్చుకుంది. కొండమీది మనిషికి తాను తయారు చేసుకోలేనిది, మానుకోలేనిది ఇదొక్కటే. సంతలో వర్తకుడి బలమంతా అక్కడే ఉంది.

ఈ కొండల్ని మనం ఇప్పటికీ 'ఏజెన్సీ' అంటాం. ఆ పేరు 1839 నాటి చట్టంతో వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు 'ఏజెంటు'గా పెట్టారు. ఏజెంటు ఏలుబడిలో ఉన్నది కాబట్టి ఏజెన్సీ. బాటలు పడ్డాక వర్తకులు పెరిగారు, వాళ్ల వెంట అప్పులూ వచ్చాయి. ఈ సంతలో ఇచ్చిన ఉప్పుకీ బట్టకీ వచ్చే పంట జమ. పంట చాలకపోతే భూమి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చి, గిరిజనుడి అప్పుపై వడ్డీ సాలుకు నూటికి 24 మించరాదని, అనుమతి లేకుండా వాళ్ల భూమి బయటివాళ్ల చేతికి పోరాదని కట్టడి చేసింది. నూటికి 24 అనేదే హద్దయిందంటే, హద్దు లేనప్పుడు ఎంత గుంజారో ఊహించుకోవచ్చు.

తాతయ్యది మంచి చెయ్యి. ఎవరినీ తిట్టేవాడు కాదు, కొసరు కాదనేవాడు కాదు. అయినా సోల ఉప్పుకు అడ్డెడు ఉసిరికాయలు! అడ్డంటే ఎనిమిది సోలలు. ఆ లెక్క ఎవరు కట్టారు? ముసలమ్మ మాత్రం కాదు. ఆ శుక్రవారాన్ని ఎంత ప్రేమగా తలుచుకున్నా ఈ ప్రశ్న దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది. రెండింటినీ కలిపే చెప్పాలి.

కొలత మార్చే పని 1956లో మొదలైంది. దేశానికి మెట్రిక్ తూకాల చట్టం వచ్చిన ఏడాదే విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. జనం నోట జీసీసీ. చింతపండు, కుంకుళ్లు, కరక్కాయలు, నల్లజీడి, తపసి జిగురు, తేనె నిర్ణీత ధరకు కొనడం, ఉప్పూ పప్పూ డిపోల్లో సరైన ధరకు అమ్మడం దాని పని. వర్తకుడి రాశి పక్కన ప్రభుత్వ కాటా నిలబడింది. దాంతో మోసం మాయమైపోలేదు. కానీ, "అక్కడ ఇంత ఇస్తున్నారు" అని అడిగే మాట ఆడవాళ్ల నోటికి వచ్చింది. సంతలో అదే పెద్ద ఆయుధం.

ఇంకో మార్పు పట్టాల మీద వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను పంపడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. కొండల్ని తొలిచి 58 సొరంగాలు. 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను. వేసింది ఖనిజం కోసమే గానీ, ఆ దారిన నడిచే కిరండూల్ పాసింజరును సంత మనుషులు తమ బండి చేసుకున్నారు. పనసకాయలు, అల్లం బస్తాలు, కోళ్ల గంపలు, వాటి మధ్య ఒదిగి కూర్చున్న పిల్లలు.

సంతకు సరిహద్దులు పట్టవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి కొరాపుట్ అటు వెళ్లింది. అప్పటిదాకా అరకూ పాడువా ఒకే విశాఖపట్నం జిల్లా. గీత పడ్డాక కూడా మనుషులు అవే బాటల్లో నడిచారు. బగత, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, కొండకమ్మర, వాల్మీకి, ఖోండు... ఇళ్లలో ఎవరి మాట వారిదైనా, బేరం దగ్గర అందరిదీ ఆదివాసీ ఒడియా, దాని పక్కనే మన తెలుగు. గురువారం ఒడిశా వైపు ఒనకడెల్లి, శుక్రవారం అరకు, శనివారం హుకుంపేట. కొండల్లో వారాన్ని సంతలతో లెక్కపెట్టుకునేవారు. "మొన్న సంతకు", "వచ్చే సంతకు" అంటే చాలు, తారీకు అక్కర్లేదు.

అమ్మకమూ కొనుగోలూ సంతలో సగమే. మిగతా సగం మనుషులు. పెళ్లయి వేరే కొండకు వెళ్లిన కూతురు తల్లిని కలిసేది ఇక్కడే. పిల్లను చూడటం, వియ్యం మాట కదపడం, చావు కబురు పంపడం, పాత తగువు తీర్చుకోవడం, జీలుగ కల్లు చుట్టూ కూర్చుని కొత్త తగువు తెచ్చుకోవడం ఇక్కడే. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర కట్టి, పాడి ఆడి పజోరు వసూలు చేసేవారు. తాతయ్య దానికి చిల్లర విడిగా మూటగట్టుకుని బయల్దేరేవాడు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర వస్తోందంటే ముందటి సంతల్లో కొత్తచీరల దగ్గర నిలబడటానికి చోటుండేది కాదు.

తాతయ్య పోయాడు, కొట్టూ పోయింది. నేను ఉద్యోగం పేరుతో ఊళ్లు తిరిగాను. లోయ కూడా చాలా దూరం వెళ్లింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. అదే ఏడు పర్యాటకుల కోసం అద్దాల రైలుపెట్టె కొండెక్కింది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది.

మొన్నటి చలికాలంలో శుక్రవారం చూసుకుని మళ్లీ అరకు వెళ్లాను. కావళ్ల చోట ఆటోలు, సోల చోట ఎలక్ట్రానిక్ కాటా, గొడుగు కర్రకు వేలాడే ఫోన్ పే అట్ట. అల్లం వాసన మాత్రం అదే. ఎండుచేపల వరస దాటగానే ఒకామె ఉసిరికాయలు రాశి పోసుకుని కూర్చుంది.

"ఎంతప్పా?"

ధర చెప్పింది. ఏదో అలవాటుకొద్దీ తగ్గించమన్నాను. "తగ్గదు బావూ," అంది నా కళ్లలోకి చూసి. గొంతులో కోపం లేదు, జంకూ లేదు. ఆ మాట వినడానికే అంత దూరం వచ్చానేమో అనిపించింది. కిలో తూయించుకుని, ఆమె చెప్పినంతా ఇచ్చాను.

సంచీ పట్టుకుని కదలబోతుంటే పిలిచింది. కాటా మీద పెట్టకుండా, రాశిలోంచి రెండు దోసిళ్లు తీసి నా సంచీలో పోసింది.

"కొసరు," అంది.