సీమ పద్యము, మారిన యంత్రములు

నంద్యాల–గుంతకల్లు రైలుమార్గమున నున్న బేతంచెర్ల యనగానే నాపబండలును, వాని పాలిషు యంత్రముల హోరును, బిల్లసర్గము గుహలును జ్ఞప్తికి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహలను శోధించి ప్రాచీన జంతువుల యెముకలను వెలికి దీసిరి. రాతిగర్భమున నెముక నిలిచినట్లు కంఠధ్వని నిలువదు. కావున నీ సీమ గాయకుల చరిత్రలో సగము, వారి గొంతు లే యంత్రముల నాశ్రయించి మనవరకు వచ్చెనను చరిత్రయే.

1885లో కడప మండలములోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి నాటకసమాజము వెలసిన నాటినుండి పద్యమన్న మనవారికి ప్రాణము. రంగస్థలముపై నటుడు ‘వన్స్‌మోర్’ కేకల నడుమ నొక్క పద్యమునే రాగము తీసి యెంతసేపైన పాడగలడు. 78 చుట్ల గ్రామఫోను రికార్డో, ప్రక్కకు మూడు నిమిషములకంటె నంతగా మించి యీయలేదు. కళ యంత్రమునకు లోబడుట నాడే మొదలయ్యెను. టేపు వచ్చి ఆ సంకెల సడలించెను. 1963లో కడప ఆకాశవాణియు, పిదప క్యాసెట్టును పద్యమును పల్లెపల్లెకు చేర్చినవి.

1991లో ప్రోటూల్స్ అను ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరు వెలువడిన పిమ్మట ధ్వనిముద్రణ కంప్యూటరు పాలబడెను. దానితో పూర్వమెరుగని చిక్కొకటి పుట్టెను: పనిముట్టు చెడకయే పని యాగిపోవుట. 2002లో ఆపిల్ సంస్థ ఎమాజిక్‌ను కొనగా, విండోస్‌పై ఎమాజిక్ వారి ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరగు లాజిక్ నడుపుకొనువారికి ముందుదారి మూసికొనిపోయెను. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలోనికి 2006లో ఇంటెల్ చిప్పులు, 2020 నవంబరులో ఎం1 చిప్పు వచ్చినవి. పాత చిప్పునకు వ్రాసిన సాఫ్ట్‌వేరును క్రొత్తదానిపై నడుపుటకు రోసెట్టా యను అనువాదక మేర్పడినది గాని, మొదటి రోసెట్టాను 2011లోనే తొలగించిరి. క్రొత్త చిప్పునకై సిద్ధమైన సాఫ్ట్‌వేరులో ధ్వనికి మెరుగు దిద్దు ప్లగిన్లను ఉపసాఫ్ట్‌వేర్లలో పాతవి తరచు తెరచుకొనవు. అవి లేనిచో గాయకుని గొంతునకు కూర్చిన ప్రతిధ్వనియు, మెరుగును మాయమగును.

అయినను నూతన యంత్రములను నిందింపను. సెకనునకు 48,000 నమూనాల చొప్పున ముద్రించుచు, బలహీన యంత్రము తడబడకుండుటకై ధ్వనిని తాత్కాలికముగా నిలుపుకొను బఫరును 1024 నమూనాలకు పెంచినచో, ఆ యొక్క కారణముననే పాడువాని గొంతు హెడ్‌ఫోనులో 21 మిల్లీసెకనులు వెనుకబడి వినవచ్చును. తాళము జారుటకు అది చాలును. సమర్థమైన చిప్పుపై 128తో పని గడచిన, ఆ జాగు మూడు మిల్లీసెకనులకు లోపే. మద్రాసు స్టూడియోలకు పోవలసిన పని నేడు బేతంచెర్లలో నొక గదిలో జరుగవచ్చుననుట సామాన్యమైన లాభము కాదు.

కనుక క్రొత్త కంప్యూటరు కొనబోవు సోదరులకు నా మనవి: పాతది చేయి దాటకమునుపే ప్రతి ట్రాకును మొదటినుండి చివరివరకు వేరువేరు వేవ్ ఫైళ్ళుగా బౌన్సు చేసి, రెండు డిస్కులలో భద్రపరచి, క్రొత్తదానిలో ఒక్కొక్కటి విని చూచుకొనుడు.