రాయితీ అన్న మాట వెనక: రాయచూరు అంగళ్ళు చెప్పే చరిత్ర



చరిత్ర అనగానే మన మనసు రాజుల మీదికీ, యుద్ధాల మీదికీ పోతుంది. ఈ రోజు మిమ్మల్ని అంత దూరం తీసుకుపోను. రాయచూరు తీన్ కందీల్ కూడలి దాకా నాతో వస్తే చాలు. తీన్ కందీల్ అంటే మూడు దీపాలు. ఆ పేరే ఉర్దూ మాట. దసరాకో దీపావళికో ముందు అక్కడి వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. అంగళ్ళకు మామిడాకుల తోరణాలు, రంగు బల్బుల దండలు, గుమ్మానికి అడ్డంగా కట్టిన గుడ్డ. ఆ గుడ్డ మీద తగ్గింపు ధరల ప్రకటన. కన్నడంలో దాన్ని 'రియాయితి' అంటారు. తెలుగులో మనం 'రాయితీ' అంటాం. ఉర్దూలో 'రియాయత్'. మూడూ ఒకే మాట. అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన వీధికి వచ్చింది. దయ చూపడం, పోనీలే అని విడిచిపెట్టడం అని దాని అర్థం. ఒక తగ్గింపు మాటలోనే మన జిల్లా చరిత్ర ఎంత ఇమిడి ఉందో చూడండి.

నలుగురికీ కనబడేలా రాసి పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1294లో, కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో, గోన విఠలుడు రాయచూరు కోటకు బలమైన గోడ కట్టించాడు. ఆ సంగతి చెక్కిన రాయి నలభై అడుగులకు పైగా పొడవుంటుంది. అంత రాయిని బండి మీద ఎక్కించి, దున్నపోతుల వరుసతో ఎలా లాగించారో బొమ్మగా కూడా చెక్కారు. అక్షరం చదవలేనివాడికీ విషయం తెలియాలన్న ఆలోచన ఆనాడే ఉంది. ఈనాటి అంగడివాడు అద్దం వెనక బొమ్మకు చీర కట్టి నిలబెట్టేదీ అందుకే కదా!

1871లో బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గమూ, మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గమూ రాయచూరులోనే కలిశాయి. మిల్లు గుడ్డ రావడానికీ, ఇక్కడి పత్తి పోవడానికీ దారి ఏర్పడింది. అప్పుడు మనది నిజాం రాజ్యం. దొరతనం భాష మొదట పారసీ, తర్వాత ఉర్దూ. నాణెం కూడా వేరు. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, ఇంగ్లీషువారి రూపాయి కల్దార్. దాదాపు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. ఏ రూపాయల్లో ధర అన్నది తేల్చుకోకుండా బేరం తెగేది కాదు. తర్వాత 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. ధరల అట్టలన్నీ మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

అంతకు కొద్ది నెలల ముందే ఇంకో పెద్ద మార్పు జరిగింది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతవరకూ మన జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్ళాయి. పటం మీద గీత పడింది గానీ పెళ్ళిబట్టలకు వచ్చే దారి మారలేదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే గద్వాల చీర, గళ్ళ నారాయణపేట చీర, ఎర్ర పైటకొంగు ఇలకల్ చీర. ఈ మూడు ఊళ్ళూ రాయచూరు చుట్టూ ఉన్నవే. ఇవాళ రెండు ఊళ్ళు తెలంగాణలో ఉన్నాయి, ఒకటి కర్ణాటకలో ఉంది. మూడు చీరలనూ పక్కపక్కన వేలాడదీసిన అంగడి ముందు నిలబడితే సరిహద్దు ఎక్కడుందో చెప్పడం కష్టం.

ఇటువైపు 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాయి. కోస్తా జిల్లాల నుంచి తెలుగు రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు వేసుకున్నారు. పంట చేతికొచ్చి డబ్బు వస్తేనే రైతు ఇంట్లో కొత్త బట్ట. కనుక అంగడివాడి పంచాంగం రైతు పంచాంగమే. ముహూర్తాలు లేని ఆషాఢంలో బేరాలు ఉండవు గనుక తగ్గింపు. గాంధీ జయంతి నుంచి ఖాదీ మీద రిబేటు. ఇవన్నీ కలిసి మన అమ్మకాల రుతువులు.

ఇక ఈ అక్షరాలు రాసిన చేతుల సంగతి. సుద్ద పూసిన దారం లాగి వదిలి గీత వేసుకునేవారు. ఎనామెల్ రంగుతో అక్షరం దిద్ది, పక్కన నీడ వేసేవారు. అద్దం లోపలి వైపు నుంచి రాయాలంటే అక్షరాలను తిరగేసి రాయాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, మనవి ఎడమ నుంచి కుడికి. తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. తలకట్టు మారిస్తే చాలు, ఎన్నో అక్షరాలు ఇటువి అటు అవుతాయి. 'అంగడి' అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే. ఆ చిత్రకారుల్లో ఎక్కువమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. బోర్డు మూలన చిన్న సంతకం ఉంటే అదే వారి చరిత్ర. ఫ్లెక్సీ వచ్చాక ఆ సంతకమూ పోయింది. ఒక పండుగ ఫ్లెక్సీ మరుసటి నెలకు ధాన్యం మీద కప్పే పట్టా అవుతోంది.

2024లో కర్ణాటకలో చట్టం సవరించారు. అంగడి పేరు బోర్డులో అరవై శాతం కన్నడం ఉండాలి, అదీ పైభాగంలో. ఇది న్యాయమే. కన్నడం ఈ నేల భాష, మనకు అన్నం పెట్టే భాష. ఆ మాట రెండు భాషలూ చెప్పుకునే ఉపాధ్యాయుడిగా మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే మిగిలిన నలభై శాతం సంగతి ఏమిటి? అందులో ఇంగ్లీషే నిండిపోతోంది. సేల్, ఆఫర్, డిస్కౌంట్. గద్వాల నుంచి వచ్చిన అవ్వకు గానీ, క్యాంపు నుంచి వచ్చిన కూలీ తల్లికి గానీ అవి తమను పిలుస్తున్న మాటలుగా తోచవు. దీన్ని మన మీద నుంచి తీసేసిన చట్టం ఏదీ లేదు. మనమే అడగడం మానేశాం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో కన్నడం చదువుతాడు, ఇంగ్లీషు చదువుతాడు. వాడికి తెలుగు అక్షరం వీధిలో కూడా కనబడకపోతే ఇక ఎక్కడ కనబడుతుంది?

అంగడి యజమానులకు నా మనవి ఒక్కటే. పైన కన్నడం ఘనంగా రాయించండి. కింద మీ ఖాతాదారుల లిపికి కాస్త చోటివ్వండి. తెలుగు, ఉర్దూ, ఎవరిది వారికి. దానివల్ల బేరం పెరుగుతుందే గానీ తరగదు. శ్రోతలారా, మీ ఊళ్ళో చేత్తో రాసిన పాత బోర్డు ఏదైనా ఉంటే, దాన్ని దించేలోగా ఫోటో తీసి పెట్టండి. రాసినవారు ఇంకా ఉంటే వెళ్ళి నాలుగు మాటలు అడిగి రాసుకోండి. కోట రాయి ఏడువందల ఏళ్ళు దాటి నిలిచింది. రేకు మీది రంగుకు అంత ఆయువు లేదు.