డిగ్రీ ఇంటర్న్‌షిప్ నుంచి స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దాకా

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేస్తూ 2020-21లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి కొత్త పాఠ్యప్రణాళిక తెచ్చింది. మొత్తం పది నెలలు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు, 4 క్రెడిట్లు.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేయాలనుకునే దళిత విద్యార్థికి ఇంత దగ్గరి దారి మరొకటి లేదని మా అభిప్రాయం. ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ చేయిస్తారు గానీ, దానికి డిగ్రీ అయ్యాక మరో రెండేళ్లు చదవాలి. ఈ ఇంటర్న్‌షిప్ సొంత మండలంలోనే చేసుకోవచ్చు. అయితే చాలాచోట్ల ఇది ఒక సర్వే ఫారం, ఒక ఫొటో, ఒక సంతకంతో అయిపోతోంది. ఆ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగమివ్వరు. ఫైలు చదవడం వచ్చా, తహసీల్దార్ ఆఫీసులో అర్జీ వేసి రసీదు తెచ్చుకోగలరా, విన్నది విన్నట్టు రాయగలరా అనే సంస్థలు చూస్తాయి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ ఈ పని నేర్చుకునే చోట్లకు కొదవ లేదు. అన్నిటికంటే ముందు అట్రాసిటీ కేసులు. 1989 చట్టం కింద నమోదైన కేసును డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. ఛార్జిషీటుతో సహా 60 రోజుల్లో ముగించాలి. బాధితులకు ఇచ్చే ఆర్థిక సహాయం చాలా నేరాల్లో ఎఫ్ఐఆర్ దశలో 25 శాతం, ఛార్జిషీటు కోర్టుకు పంపాక 50 శాతం, నిందితులకు శిక్ష పడ్డాక మిగతా 25 శాతం. విద్యార్థి చేయాల్సిందల్లా ఒక నోటు పుస్తకంలో గడులు గీసి, కేసు కేసుకూ తేదీలు రాసుకోవడం: ఫిర్యాదు ఎప్పుడిచ్చారు, ఏ సెక్షన్లు పెట్టారు, కుల ధ్రువీకరణ పత్రం ఎప్పుడొచ్చింది, డబ్బు ఎంత అందింది. ఎక్కడ గడి ఖాళీగా ఉందో కేసు అక్కడ ఆగినట్టు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా సమావేశం కావాలి. అక్కడ పెట్టడానికి పనికొచ్చేది ఈ పట్టికే. బాధితుల పేర్లు మాత్రం కాలేజీకిచ్చే రిపోర్టులో రాయకూడదు.

తర్వాత భూమి. డీకేటీ పట్టా ఎవరి పేరున ఉంది, 1-బిలో, అడంగల్‌లో ఎవరున్నారు, మడక దున్నుతున్నది ఎవరు? ఈ మూడూ ఒక్కటి కాని చోట 1977 అసైన్డ్ భూముల చట్టం తెలిసినవాళ్ల అవసరం పడుతుంది. 20 ఏళ్లు దాటిన భూములకు హక్కులిస్తూ 2023లో ఆ చట్టాన్ని సవరించాక ఈ పరిశీలన మరింత ముఖ్యమైంది.

గండికోట జలాశయంలో 2020లో తాళ్లప్రొద్దుటూరు మునిగింది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. ఇలాంటి చోట్ల భూమి లేని కూలీ పోగొట్టుకున్నది రెవెన్యూ రికార్డులో కనబడదు. అది ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి కాబట్టి సీఎస్‌ఆర్ ఉద్యోగాలూ ఉన్నాయి. జీతం నయమే. నిర్వాసితుల పక్షాన నోరు తెరిచే వీలు మాత్రం అక్కడ తక్కువ.

ఇక డబ్బు సంగతి. 180 గంటలంటే రోజుకు ఆరు గంటల చొప్పున 30 రోజులు. వేసవిలో కూలికి పోయి ఫీజు కూడబెట్టుకునే పిల్లలకు అవి 30 రోజుల కూలి. ఇంటి నుంచి కాలేజీకి ఉన్న బస్సు పాసు వేరే ఊళ్లకు చెల్లదు. అమ్మానాన్నలకు జీతాలున్నవాళ్లు ఉచితంగా పనిచేసి అనుభవం సంపాదించుకుంటారు, రేపు కోఆర్డినేటర్ పోస్టు వాళ్లకే వస్తుంది. వాడవాడా తిరిగే పని మాత్రం మనవాళ్లకు మిగులుతుంది. దళిత హక్కుల పేరుతో నడిచే సంస్థ దళిత విద్యార్థి చేత చార్జీలైనా ఇవ్వకుండా పని చేయించుకోవడం తప్పు. సంస్థలకూ ఇబ్బందులున్నాయి, నిజమే. 2020 ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ విదేశీ నిధుల్లో పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ మరో సంస్థకు ఆ నిధులు ఇవ్వడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థల ద్వారా వచ్చే డబ్బుతో నడిచే చిన్న సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. అయినా బస్సు చార్జీ, మధ్యాహ్నం అన్నం అడగడానికి మొహమాటపడొద్దు.

చేరేముందు సంస్థ రిజిస్ట్రేషన్, నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు చూసుకోవాలి. ఆడపిల్లలు ఊళ్లకు వెళ్లేటప్పుడు తోడు ఎవరొస్తారు, తిరిగి ఎన్ని గంటలకు వస్తారు అన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి. రిపోర్టులో ఒక భాగమైనా తామే రాస్తామని, దాని కింద తమ పేరు ఉండాలని అడగాలి. సంస్థ అంగీకార పత్రాన్ని సెలవులకు ముందే కాలేజీ మెంటర్‌కు ఇవ్వాలి. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాసి, కాలేజీకి ఇచ్చేముందు జిరాక్స్ తీసి దాచుకోవాలి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టాల్సింది అదే.