కండలేరు క్రీక్‌కి సంప్ ఎవరు కట్టాలి?

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టేవాళ్ళకి సంప్ తెలిసిందే. పైన అద్దాల తొట్టి, కింద బీరువాలో ఇంకో తొట్టి. పై నీరు పొంగి కిందకి దిగుతుంది, అక్కడ శుభ్రపడి మోటారుతో మళ్ళీ పైకెక్కుతుంది. కింది తొట్టిలో ఒక అర విడగొట్టి, లైటు పెట్టి సముద్రపు నాచు పెంచితే అదే రెఫ్యూజియం. మిగిలిన మేత, చేపల రెట్ట కలిసి అమ్మోనియా అవుతాయి. బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నాచు ఆ నైట్రేట్‌ని తిని పెరుగుతుంది. అప్పుడప్పుడు నాచు కోసి పారేస్తే చెత్త బయటికి పోయినట్టే.

ఇదే లెక్క మన నెల్లూరు తీరంలో ఎలా తప్పిందో చూడండి.

1990ల మొదట్లో కండలేరు క్రీక్ చుట్టూ టైగర్ రొయ్యల చెరువులు పుట్టగొడుగుల్లా లేచాయి. నీరు తోడేది క్రీక్ నుంచే, వాడిన నీరు వదిలేదీ క్రీక్‌లోకే. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది మహా అయితే మూడో వంతు. మిగతాదంతా నీటికీ, అడుగు బురదకీ. ఒకే సర్వర్లో అందరూ లాగులు రాసుకుంటూ పోయి ఎవరూ డిలీట్ చెయ్యకపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

1994-95లో వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువులకి చెరువులే ఖాళీ అయ్యాయి. నాచు వైరస్‌ని చంపదు, నిజమే. కానీ జబ్బు చెరువు నీరు నిలవబెట్టి శుద్ధి చెయ్యకుండా వదిలేస్తే, పక్కవాడి మోటారు తోడేది దాన్నే కదా!

తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంప్రదాయ చెరువులు తప్ప, తీర నియంత్రణ మండలిలో ఉన్న రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31లోగా తొలగించాలంది. రివ్యూ పిటిషన్లతో ఆ అమలు ఆగింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. అయిదు హెక్టార్లు దాటిన ఫారాలకి వ్యర్థ జలాల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి అన్నారు. అంటే సంప్ అన్నమాట. 2009లో వనామికి అనుమతి వచ్చాక మళ్ళీ సందడి మొదలైంది.

చిక్కంతా ఆ అయిదు హెక్టార్ల దగ్గరే. మన రైతుల్లో ఎక్కువమందికి ఉన్నది అంతకన్నా తక్కువ. ఒక్కో చెరువు చిన్నదే, కానీ క్రీక్‌కి అన్నీ కలిసే చేరతాయి. రెండెకరాల రైతుని చెరువులో కొంత శుద్ధికి వదులుకోమంటే కుదరదు, అతనికి అదే జీవనాధారం. పదిమంది కలిసి ఒక ఉమ్మడి శుద్ధి చెరువు తవ్వుకోవాలి, ఖర్చులో ప్రభుత్వం వాటా పెట్టాలి. అక్వేరియం వాడికి తొట్టీ తనదే, సంపూ తనదే. కండలేరు మాత్రం అందరిదీ. అందుకే దానికి సంప్ కట్టేవాడు లేడు.